ఇతర పేర్లు ఉంటే రాయండి

"ఫారంల ఇతర పేర్లు ఉన్నాయా అని అడుగుతడు. లేవు అని కొట్టు. అయిపాయె."

గజేందర్ ఈ మాట సాక్సులు వేసుకుంటూ చెప్పాడు. నేను అతని డ్యూటీ కవరాల్ ఇస్త్రీ చేస్తున్నాను. రాస్ లఫాన్ ప్లాంటుకు పోయే బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. నాలుగు రోజులు అక్కడ కంపెనీ రూములో ఉంటాడు, నాలుగు రోజులు ఇక్కడ దోహాలో, ఐన్ ఖాలిద్‌లో ఇంట్లో ఉంటాడు. అక్కడున్నప్పుడు కవరాల్ ఎవరు ఇస్త్రీ చేస్తారని ఒకసారి అడిగాను. "అక్కడ ఇస్త్రీ ఎవడు చూస్తడు?" అన్నాడు. ఇక్కడ ఎవరు చూస్తున్నారో నేను అడగలేదు.

పాప పాస్‌పోర్టు గడువు అయిపోతోంది. మా ఇంట్లో కాగితాలు నింపే పని నాది, సంతకం పెట్టే పని అతనిది. తల్లిదండ్రుల డిక్లరేషన్ మీద చదవకుండానే సంతకం పెట్టి పెన్ను నా చేతికిచ్చాడు.

"పాపకు ఇంకో పేరుంది కదా" అన్నాను.

"ఆ పేరు ఎవలు పెట్టిండ్రు? నువ్వు పెట్టుకున్నవు. అలియాస్ దొంగలకు ఉంటది. రాస్తే క్వెరీ వస్తది, సెలవులకు ఊరికి పోయేటిది లేటైతది. లొల్లి ఎందుకు?"

కవరాల్ బ్యాగులో పెట్టుకుని పోయాడు.

పాస్‌పోర్టులో పాప పేరు రాజేశ్వరి. అది మా అత్త పేరు. "నేను బతికుండంగనే నా పేరు వినాలె" అని ఆమే అడిగి పెట్టించుకుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు అందరూ ఆ పేరు పిల్ల చెవిలో చెప్పారు, నేను తప్ప. కోడలు అత్తను పేరు పెట్టి పిలవకూడదు. పిల్లకు ఆ పేరే ఉంటే పిల్లనూ పిలవకూడదు. ఆ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పలేదు. మా ఊళ్ళో ఏ కోడలికీ చెప్పరు. ఆ సాయంత్రం పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకుని, నోట్లోకి ఏ పేరు తెచ్చుకోవాలో తెలియక, చిన్నగా గుండ్రంగా ఉందని పూస అన్నాను. అప్పటి నుంచి నాకు అది పూస. తొమ్మిదేళ్ళుగా ఆ అసలు పేరు ఎన్ని ఫారాల మీద రాశానో లెక్క లేదు. నోటితో ఒక్కసారీ అనలేదు. ఆస్పత్రిలో పాప పేరేమిటని అడిగితే కార్డు చూపిస్తాను. వీడియో కాల్‌లో అత్త ఇప్పటికీ చెక్ చేస్తుంది. "దుబాయ్ల మంచిగున్నరా? పిల్లనేమని పిలుస్తున్నవే?" దోహా అని పదకొండేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. పూస అనే పిలుస్తున్నానని కూడా చెప్తాను. మొదటిది ఆమె చెవికెక్కదు. రెండోది విని సంతోషిస్తుంది.

అలియాస్ అనే మాట మీద నాకు చూపు నిలవడానికి ఇంకో కారణముంది. దానికి ముందు ఐలీన్ మేడం గురించి చెప్పాలి.

ఐలీన్ మేడం మా వరసలో చివరి విల్లాలో కొడుకుతో ఉంటుంది. ఇంగ్లండ్ ఆవిడ. డెబ్బై మూడేళ్ళు. పియానో టీచరుగా పనిచేసి రిటైరయింది. రెండు కళ్ళ మధ్యలోనూ నల్ల మచ్చ వచ్చింది. మనిషి అంచులు కనిపిస్తాయట, ముఖం కనిపించదు. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న పని తన పూర్వీకులను వెతకడం. ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు, పాత పటాలం కాగితాలు కంప్యూటర్‌లో ఫోటోలుగా దొరుకుతాయి. చూపు పోయాక పని ఆగింది. పూసకు పియానో నేర్పుతానంది, బదులుగా మంగళ, గురువారాలు పొద్దున వచ్చి నన్ను చదివిపెట్టమంది.

గజేందర్ ఒప్పుకున్నాడు. "ముసలమ్మకు చదివి పెట్టుడే కదా. ఎట్లైనా ఇంట్ల ఖాళీగనే ఉంటవు."

ఖాళీ అనే మాటను నేను చాలాసేపు నోట్లో పెట్టుకుని నమిలాను. నాలుగింటికి లేస్తాను. అతని టిఫిన్, పాప టిఫిన్, పాప లంచ్, ఏసీ ఫిల్టర్ల దుమ్ము, బాత్రూము, బట్టలు, హోంవర్కు, అత్తకు మందుల కొరియరు, ఆడబిడ్డ పిల్లలకు పుట్టినరోజు వీడియోలు. డ్యూటీ నుంచి అతను వచ్చి ఏం చేసినవ్ అంటే ఏమీ లేదు అంటాను. అది నా తప్పు. పదకొండేళ్ళు ఏమీ లేదు అని నేనే చెప్పాను, అతను నమ్మాడు.

ఐలీన్ గోడ మీద పెద్ద కాగితం అంటించి ఉంది. పేర్లు డబ్బాల్లో, డబ్బాల మధ్య గీతలు. పైనుంచి మూడో వరసలో రెండు డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో హారియట్ పెల్. ఇంకోదాంట్లో బంగారు పెల్. దాని పక్కన ప్రశ్న గుర్తు.

"ఈ రెండో పేరు మీకు తెలుసా మేడం?" అన్నాను మొదటి రోజే.

"ఏదో ఊరి పేరు అనుకుంటున్నాను."

"తెలుగు. గోల్డ్. మా అమ్మలు పిల్లలను అట్లా పిలుస్తారు."

ఆమె తల పక్కకు తిప్పి, కంటి అంచుతో నన్ను చూసింది. అప్పటిదాకా నేను ఆమెకు ఒక జత కళ్ళను మాత్రమే.

కథ ఇది. థామస్ పెల్ అనే ఫిరంగి పటాలం సార్జెంటు సికింద్రాబాదులో ఉండేవాడు. 1860లో అక్కడి చర్చిలో పెళ్ళి. పెళ్ళికూతురు కాలమ్‌లో 'మేరీ, నేటివ్ క్రిస్టియన్' అని ఉంది. ఆమె తండ్రి పేరు రాయాల్సిన చోట ఖాళీ. 1861లో కూతురు హారియట్‌కు బాప్తిస్మం. 1866లో థామస్ కలరాతో పోయాడు. ఆ తర్వాత హారియట్ ఎక్కడా లేదు. పెళ్ళి లేదు, చావు లేదు, ఓడ ఎక్కిన జాబితాలో లేదు. కానీ 1880లో అదే చర్చిలో బంగారు పెల్, పందొమ్మిదేళ్ళు, తండ్రి థామస్ పెల్, రైల్వే గార్డును పెళ్ళి చేసుకుంది. ఈ బంగారు ఐలీన్‌కు ముత్తవ్వ తల్లి. ఈమెకు బాప్తిస్మం లేదు.

"ఇద్దరూ 1861లోనే పుట్టారు. కవలలైతే బాప్తిస్మం రిజిస్టర్లో ఇద్దరూ ఉండేవారు" అంది ఐలీన్. "ఒకే ఏడు ఇద్దరు పిల్లలంటే ఇద్దరు తల్లులు. ఈ రెండోది బహుశా వంట మనిషి బిడ్డ. సార్జెంటు పేరు తగిలించుకుంది. నేను వంట మనిషి వంశం. పరవాలేదు, నాకు సిగ్గేమీ లేదు."

సిగ్గు లేదని ఎంత సులువుగా చెప్పింది. ఆ వంట మనిషి ఎవరో, ఉందో లేదో తెలియదు. అయినా పదకొండేళ్ళుగా గోడ మీద ఆమెకు మచ్చ ఉంది.

ఇంటికొచ్చి బెండకాయలు కోస్తూ ఆ పిల్లల గురించే ఆలోచించాను. తండ్రి పోయాక హారియట్ ఏమైంది? పెద్ద పెద్ద రిజిస్టర్లు రాసే మనుషులు. గుర్రం చచ్చిపోయినా రాశారు. పిల్లను ఎట్లా మరిచారు? కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. గజేందర్ ముద్ద ఉమ్మి, "ఎవలో తెల్లోళ్ళ అవ్వ గురించి నీకెందుకే?" అన్నాడు. ఇంట్లో నన్ను వెతకమని అడిగేవి సాక్సులు, రిమోటు, నెయిల్ కట్టర్. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఒక మనిషిని వెతకమని అడగలేదు.

తర్వాతి గురువారం పూసకు స్కూలు సెలవు. వెంట తీసుకుపోయాను. ముందు నేను 1851 జనాభా లెక్క చదివాను. ఇంగ్లండ్‌లో నారిచ్ పట్నం. థామస్ పుట్టిన ఇల్లు. ఇంటి పెద్ద పేరు హారియట్ పెల్, విధవ, బట్టలు ఉతికే పని.

"తెలుసు. థామస్ తల్లి" అంది ఐలీన్. "కూతురికి ఆవిడ పేరే పెట్టాడు. మా వాళ్ళలో మామూలే."

ఆ మాట అని పియానో దగ్గరికి పోయింది. పూస కిటికీ దగ్గర నిలబడి ఇసుక రంగు పిల్లిని చూస్తోంది.

"రాజేశ్వరీ, రా" అంది ఐలీన్.

పూస కదలలేదు.

"రాజేశ్వరీ."

కదలలేదు. చెవుడు లేదు. ఆ పేరు తనదని స్కూలు గేటు లోపల మాత్రమే గుర్తుంటుంది.

"పూసా" అన్నాను. వెంటనే తిరిగింది.

నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. పూస స్వరాలు వాయిస్తున్నంతసేపూ గోడ మీది రెండు డబ్బాలనే చూశాను. మేరీ తెలుగు మనిషి. భర్త పిల్లకు తన తల్లి పేరు పెట్టాడు. మేరీ ఆ పిల్లను ఏమని పిలిచింది?

పాఠం అయ్యాక చెప్పాను. "మేడం, ఇద్దరు లేరు. ఒక్కతే."

"ఎట్లా?"

"మేరీ హారియట్ అని పిలవదు. అది అత్త పేరు."

ఆమెకు అర్థం కాలేదు. నా కూతురి పేరు నేను పిలవనని చెప్పాను. ఎందుకంటే అది మా అత్త పేరు అన్నాను. ఏ పేరు అని అడిగింది. ఆమె ఆ పేరుతో ఇప్పుడే రెండుసార్లు పిలిచింది. నాకు నోరు రాలేదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసి, ఆమె కంటి అంచుకు చూపించాను.

"అరే, రాజేశ్వరి" అని చదివింది. మామూలుగా చదివింది. ఏమీ కాలేదు. పైన ఏసీ అట్లాగే నడుస్తోంది.

"కానీ ప్రమీలా, మేరీ అత్త ఎక్కడో నారిచ్‌లో బట్టలు ఉతుకుతోంది. వేల మైళ్ళ దూరం. కోడలు పిలిస్తే ఆమెకు వినపడదు."

"మా అత్త జగిత్యాల దగ్గర ఉంది. ఆమెకూ వినపడదు. అయినా నేను పిలవను."

ఐలీన్ టీచరు గొంతుతో, "ఇది ఊహ. రుజువు కావాలి" అంది.

అవును. నాకూ కావాలి. నేను సైన్సు చదివినదాన్ని.

ఆమె ఇన్నేళ్ళూ పేరుతో వెతికింది. హెచ్ దగ్గర హారియట్ కోసం, బి దగ్గర బంగారు కోసం. రెండు పేర్లున్న పిల్ల ఏ అక్షరం కిందా పూర్తిగా దొరకదు. పిల్లను వదిలేసి తండ్రి పటాలాన్ని పట్టుకుందామన్నాను. చనిపోయిన సిపాయిల పిల్లలకు భత్యం ఇచ్చిన జాబితాలు ఉన్నాయి. వాటికి పేర్ల పట్టిక లేదు. కొన్ని ఏళ్ళవి అసలే లేవు. ఉన్నవాటిని చెదలు తిన్నాయి. ఒక్కో పేజీ తెరిచి చదవడమే. ఏడు మంగళవారాలు, ఏడు గురువారాలు చదివాను. అనాథల పేర్లు చదువుతూ పోతుంటే నడుము నొప్పి తెలియలేదు. నాకు ఇంత ఓపిక ఉందని నాకే తెలియదు. ఇంట్లో దాన్ని ఓపిక అనరు, అలవాటు అంటారు.

ఎనిమిదో మంగళవారం 1867 జాబితాలో ఒక పేజీ వచ్చింది. ఎడమ మూల పూర్తిగా పోయింది. తల్లుల పేర్లుండే వరస అదే. మిగిలిన వరసలో సగం లైను ఉంది. తెర మీద వేలు పెట్టి చదివాను.

"పెల్, సార్జెంటు, మృతుడు. ఆడపిల్ల ఒకతె. హారియట్ అలియాస్ బంగారు. వయసు ఐదు. తల్లి వద్ద ఉన్నది."

"మళ్ళీ చదువు" అంది ఐలీన్.

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. తర్వాత లేచి, తడుముకుంటూ గోడ దగ్గరికి పోయి, రెండు డబ్బాలను విడదీసే గీత ఎక్కడుందో చూపించమంది. నేను ఆమె వేలు పట్టి పెట్టాను. పెన్సిల్‌తో ఆ గీత కొట్టేసింది.

"ఒక పిల్లను రెండు చేసి, ఒకదాన్ని చంపి, ఇంకోదాన్ని అక్రమ సంతానం చేశాను" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఆ గుమాస్తా ఎవరో మంచివాడు. తల్లిని అడిగాడు. చెప్పింది రాశాడు."

నాకు వేరే సందేహం ఉంది. "మేరీ కాకముందు ఆమె పేరేమిటి మేడం?"

ఐలీన్ తల అడ్డంగా ఊపింది. "ఎక్కడా లేదు. బాప్తిస్మం రిజిస్టర్లో ఆ ఏడాది పేజీలు లేవు. ఈ పేజీలో మూల లేదు. ఇక దొరకదు."

మేరీ కూతురి రెండో పేరు నిలబెట్టింది. తన మొదటి పేరు నిలబెట్టేవాళ్ళు ఆమెకు లేకపోయారు.

ఇప్పుడు నా సంగతి రాస్తాను. నా పేరు ప్రమీల కాదు. నాకు మా నాన్న పెట్టిన పేరు శివకుమారి. పదో తరగతి మెమో మీద, బీఎస్సీ మీద, బీఎడ్ మీద అదే ఉంది. పెళ్ళయిన ఇంట్లో ఆడబిడ్డ పేరూ శివకుమారే. ఒక ఇంట్లో ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఏమవుతుందని మా నాన్న అడిగాడు. "కోడలిని తిడితే బిడ్డకు తగుల్తది" అంది అత్త. నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. నన్ను హాయిగా తిట్టుకోవడానికి వీలుగా నాకు ప్రమీల అని పేరు మార్చారు. పెళ్ళి కార్డు మీద అదే వేయించారు. నా పాస్‌పోర్టు ఫారం ఆ రోజుల్లో గజేందర్ నింపాడు. ఇతర పేర్లు ఉన్నాయా అన్నచోట లేవు అని కొట్టాడు.

ఇక్కడికొచ్చాక ఒక స్కూల్లో సైన్సు టీచరు కావాలంటే సర్టిఫికెట్లు పట్టుకుని పోయాను. ఆఫీసులో మనిషి కాగితాలు తిరగేసి, "ఈ శివకుమారి ఎవరండీ?" అన్నాడు. నేనే అన్నాను. "మీ పాస్‌పోర్టులో ఆ పేరు ఎక్కడా లేదే" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఫైలు మూసి నా వైపు తోశాడు. గజేందర్‌కు చెప్తే, "ఇంట్ల ఏం తక్కువైందని ఇప్పుడు నౌకరీ?" అన్నాడు. ఆ ఫైలు బీరువాలో శీతాకాలం దుప్పట్ల కింద ఉంది. దోహాలో దుప్పట్లు తీసేది తక్కువ.

గజేందర్ డ్యూటీకి పోయాక, బుధవారం పూసను స్కూలుకు పంపి, బీరువా తెరిచి ఆ ఫైలు తీశాను. టాక్సీ ఎక్కి అల్ దోహా అల్ జదీదా పోయాను. అక్కడి టైపింగ్ సెంటర్లో ఖదీజా పనిచేస్తుంది. నిజామాబాద్ అమ్మాయి. మనవాళ్ళ ఫారాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి.

"ఆవో అక్కా. పాపదే కదా? యల్లా, చెప్పు. పేరు?"

పాత పాస్‌పోర్టు నా బ్యాగులోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. తియ్యలేదు.

"రాజేశ్వరి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఖదీజా టైపు చేసుకుంటూ పోయింది. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు. తర్వాత చూడకుండానే, "అలియాస్ నో" అని కొట్టబోయింది.

"అవును అని కొట్టు."

చెయ్యి ఆపింది. "అరే నక్కో అక్కా. ఎవరూ రాయరు. క్వెరీ వస్తే నెలలు పడ్తది. అన్నకు తెలుసా?"

"సంతకం పెట్టిండు, చూడు." డిక్లరేషన్ కాగితం ముందు పెట్టాను.

"చదివిండా?"

"అతను ఏదీ చదవడు."

ఖదీజా నా మొహం చూసింది. తర్వాత పక్కున నవ్వింది. "మా ఆయన కూడా గదే అక్కా. చెప్పు, ఏం పేరు?"

"పూస."

"ఇంత చిన్నదా?"

"చాలు."

టైపు చేసింది. రాజేశ్వరి పేరు కింద పూస అని వచ్చింది. తల్లి పేరు అన్న గడి దగ్గర మళ్ళీ ఆగింది. "ప్రమీల, కదా?"

"దీంట్లో అదే ఉండనీ. పాతదానితో కలవాలె."

ప్రింటు తీసి, కాగితాలు సర్ది, క్లిప్పు పెట్టింది. "ఖలాస్. చాయ్ తాగుతవా?"

"తాగుతా. ముందు ఇంకో పాస్‌పోర్టు ఫారం తియ్యి."

"ఇంకెవరికి?"

ఫైలు విప్పాను. పైన పదో తరగతి మెమో ఉంది. పదిహేనేళ్ళ పిల్ల ఫోటో, రెండు జడలు. ఖదీజా ఫోటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోటో చూసింది.

"ఎవరక్కా ఈ శివకుమారి?"

"ఇంకో ఫారం ఆమెకే" అన్నాను. "ఈ ఫారానికి ఒక్కరి సంతకమే చాలు కదా?"